షోయబుల్లా ఖాన్ ఎవరి మనిషి?

అమీర్‌పేట హాస్టల్లో ఒక్క నెల ఉన్నా చాలు, అమెరికా రాజకీయాలు వద్దన్నా వంటబడతాయి. పోయిన ఎండాకాలం సెలవుల్లో జావా కోర్సు చేద్దామని వచ్చి మైత్రీవనం వెనక గల్లీలో ఒక హాస్టల్లో దిగా. రూమ్‌కి నలుగురం. అందులో ఇద్దరు ఎమ్మెస్‌కి ప్రిపేర్ అవుతున్నవాళ్ళు. ఒకడిది ఆ పార్టీ, ఇంకొకడిది ఈ పార్టీ. వీసా ఇంకా రాలేదు, ఓటు అసలే లేదు, కానీ పార్టీలు మాత్రం గట్టిగా ఉన్నాయి. రాత్రి మెస్‌లో పప్పన్నం తింటూ కూడా వాషింగ్టన్ లొల్లే.

ఒకరోజు గొడవ లీకుల మీదకి పోయింది. 1971లో డేనియల్ ఎల్స్‌బర్గ్ అనే ఆయన వియత్నాం యుద్ధం గురించి వాళ్ళ ప్రభుత్వం దాచిన 7000 పేజీల రిపోర్టుని పత్రికలకి ఇచ్చేశాడు. 2013లో స్నోడెన్ అమెరికా నిఘా సంగతులు బయటపెట్టాడు. వీళ్ళు దేశభక్తులా ద్రోహులా అని మావాళ్ళిద్దరూ అర్ధరాత్రి దాకా వాదించుకున్నారు. వింటూ వింటూ నాకొకటి అర్థమైంది. లీకైన విషయం నిజమా అబద్ధమా అని ఇద్దరిలో ఎవరూ మాట్లాడట్లేదు. లీకైనప్పుడు కుర్చీలో ఉన్నది ఎవరు అన్నదే లెక్క. అవతలి పార్టీ ఉంటే లీక్ చేసినవాడు హీరో, మన పార్టీ ఉంటే వాడు అమ్ముడుపోయినవాడు.

అప్పుడు నవ్వుకున్నా. వారం తిరక్కుండానే అదే కథ మా రూమ్‌లోకి వచ్చింది.

మా రూమ్‌లో నాలుగో మనిషి ఒక అన్న. మానుకోట వైపు వాళ్ళది. పాసవుట్ అయి రెండేళ్ళైంది, ఉద్యోగం కోసం తిరుగుతున్నాడు. నేను చేరిన కోర్సే ఆయనా చేశాడు. ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు ఇక్కడ రాయను. కోర్సు చివర్లో రెజ్యూమె తయారు చేసిస్తామని చెప్పి, చేయని ఉద్యోగం చేసినట్టు మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టి, దానికి విడిగా డబ్బులు తీసుకుంటున్నారు. అన్న ఆ సంగతి మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రాసేశాడు. డబ్బులు కట్టే ముందు ఆలోచించుకోండి తమ్ముళ్ళూ అని చివర్లో ఒక మాట పెట్టాడు, అంతే.

పది నిమిషాల్లో గ్రూపు రెండు ముక్కలైంది. పక్క ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఈయనకి ఎంతిచ్చారని ఒకడు అడిగాడు. ఉద్యోగం రాని కోపం ఇక్కడ తీర్చుకుంటున్నాడని ఇంకొకడన్నాడు. మాకు ప్లేస్‌మెంట్స్ రాకుండా చేయడానికే ఇదంతా అని మూడోవాడు. ఆయన రాసింది నిజమేనా అని మాత్రం ఒక్కరూ అడగలేదు. నిజమని నాకు తెలుసు. నా పేరు మీద తయారైన అలాంటి రెజ్యూమె అప్పటికే నా లాప్‌టాప్‌లో ఉంది. గ్రూపులో అన్నీ చదివా. ఏమీ రాయలేదు. సాయంత్రానికి అన్నని గ్రూపులోంచి తీసేశారు.

ఆ రాత్రి కరెంట్ పోతే డాబా మీదకి ఎక్కాం. ఏం మాట్లాడాలో నాకు తోచలేదు. అన్న ఆ గ్రూపు సంగతే ఎత్తలేదు. మీది బీబీనగర్ వైపే కదా, షోయబుల్లా ఖాన్ పేరు విన్నావా అని అడిగాడు. ఎక్కడో పోటీ పరీక్షల బిట్లలో చూసినట్టు గుర్తని చెప్పా. ఇమ్రోజ్ పత్రిక ఎడిటర్ ఎవరు, జవాబు ఆప్షన్ సి. నాకు తెలిసింది అంతవరకే. అన్న చెప్పింది విన్నాక, సెలవులైపోయేలోపు నేను వెతుక్కుని చదివింది కలిపి ఇక్కడ రాస్తున్నా.

షోయబుల్లా ఖాన్ 1920 అక్టోబర్ 17న అప్పటి వరంగల్ జిల్లాలో పుట్టాడు. నాన్న హబీబుల్లా ఖాన్ నిజాం రైల్వే పోలీసులో పనిచేసేవాడు. ఈ కుటుంబం పెద్దలు ఉత్తరాది నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. ఆయన పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. కొడుకు పుట్టిన రోజున హబీబుల్లాకి మానుకోట స్టేషన్‌లో డ్యూటీ పడిందట. ఆ దారిన రైల్లో వెళ్తున్న గాంధీని చూశాడట. ఆ సంతోషంలో కొడుకుని షోయబుల్లా గాంధీ అని ముద్దుగా పిలుచుకునేవాడట. మానుకోట వాళ్ళకి ఈ కథంటే ప్రాణం. మా అన్న చెప్పేటప్పుడు ఆ ప్లాట్‌ఫామ్ మీద తనే నిలబడ్డట్టు చెప్పాడు.

పిల్లవాడు చదువుల్లో ముందుండేవాడు. ఉస్మానియా యూనివర్సిటీలో బి.ఏ. పూర్తి చేశాడు. ఆ రోజుల్లో ఉస్మానియాలో పాఠాలన్నీ ఉర్దూలోనే. రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ, కోర్టు భాష ఉర్దూ. ఉర్దూలో డిగ్రీ ఉండి, నాన్న సర్కారు నౌకరీలో ఉన్న కుర్రాడికి ఆఫీసులో కుర్చీ దొరకడం కష్టమేమీ కాదు. మన భాషలో చెప్పాలంటే క్యాంపస్ ప్లేస్‌మెంట్ చేతిలో ఉన్నట్టే. ఆయన దాన్ని వదిలేసి పత్రికలో చేరాడు.

అది ఎలాంటి రాజ్యమో కొంచెం చెప్పుకోవాలి, లేకపోతే ఆ వదులుకోవడం విలువ తెలీదు. హైదరాబాద్ సంస్థానం అంటే తెలంగాణ ఒక్కటే కాదు, మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా కలిసి 16 జిల్లాలు. కోటీ 60 లక్షలకు పైగా జనం. ఎక్కువమంది మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడ. పైన నిజాం ఉస్మాన్ అలీ ఖాన్, ఆయన కింద జాగీర్దార్లు, దేశ్‌ముఖులు. పత్రిక పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. నచ్చని మాట రాస్తే ఆ అనుమతి పోతుంది. సర్కారుకి నచ్చని మాట రాయడమంటే, రేపటి నుంచి మన పత్రిక ఉండకపోవచ్చని తెలిసే రాయడం.

షోయబుల్లాకి ఇది రెండుసార్లు జరిగింది. మొదట తేజ్ అనే ఉర్దూ వారపత్రికలో చేరాడు. అందులో వచ్చే రాతలు సర్కారుకి గిట్టలేదు, పత్రికని ఆపేశారు. తర్వాత మందుముల నర్సింగరావు నడిపే రయ్యత్‌లో సబ్ ఎడిటర్‌గా చేరాడు. రయ్యత్ అంటే రైతు, జనం అని అర్థం. పేరుకి తగ్గట్టే అది జనం వైపు రాసేది. నర్సింగరావు లాయరు, ఉర్దూలో గట్టి కలం ఉన్న మనిషి. ఒక హిందూ సంపాదకుడు ఉర్దూ పత్రిక నడపడం, అందులో ఒక ముస్లిం కుర్రాడు నిజాం ప్రభుత్వాన్ని విమర్శిస్తూ రాయడం ఇప్పుడు మనకి వింతగా అనిపిస్తుందేమో గానీ, అప్పటి హైదరాబాద్‌లో అలాంటివాళ్ళూ ఉన్నారు. చివరికి రయ్యత్‌నీ మూయించారు.

అప్పటికి 1947 వచ్చేసింది. జూన్‌లోనే నిజాం తాను ఇండియాలోనూ చేరను, పాకిస్తాన్‌లోనూ చేరను, స్వతంత్రంగా ఉంటానని ప్రకటించాడు. ఆగస్టు 15న దేశమంతా జెండాలు ఎగిరితే ఇక్కడ జెండా ఎగరేసినవాళ్ళు జైలుకి పోయారు. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ నాయకత్వం లాతూర్ లాయరు ఖాసిం రజ్వీ చేతుల్లో ఉంది. ఆయన కింద రజాకార్లు. రజాకార్ అంటే స్వచ్ఛంద సేవకుడు అని అర్థం. మా ఇంట్లో తాత మాత్రం పిల్లలు అన్నం తినకపోతే భయపెట్టడానికి ఆ మాట వాడేవాడు.

ఇక్కడ మన అమీర్‌పేట, పంజాగుట్ట వాళ్ళకి తెలియాల్సిన సంగతి ఒకటుంది. పంజాగుట్ట నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో సోమాజిగూడలో రాజ్‌భవన్ ఉంది కదా. అప్పట్లో దాని పేరు షా మంజిల్, నిజాం ప్రధానమంత్రుల నివాసం. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున, ఇండియాతో ఒప్పందం మాట్లాడటానికి ఢిల్లీ బయల్దేరబోతున్న ప్రధానమంత్రి ఛతారీ నవాబు, న్యాయ సలహాదారు వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్ళని వేలమంది జనం చుట్టుముట్టారు. ప్రయాణం ఆగిపోయింది. ఛతారీ నవాబు పదవి వదిలి వెళ్ళిపోయాడు. ఒక రాజ్యం ప్రధానమంత్రి తన ఇంటి గేటు దాటాలా వద్దా అన్నది వీధిలో గుంపు నిర్ణయించింది. రోజూ ఆ రోడ్డు మీదే ఇన్‌స్టిట్యూట్‌కి పోతూ నాకీ సంగతి తెలీదు.

ఇంకో నెలకి, నవంబర్ 29న, ఇండియాతో యథాతథ ఒప్పందం మీద సంతకాలైతే అయ్యాయి. కాయితం మీద ఒప్పందం, లోపల వేరే లెక్కలు. కొత్త ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ ప్రభుత్వం 20 కోట్ల రూపాయల విలువైన భారత ప్రభుత్వ సెక్యూరిటీలను పాకిస్తాన్‌కి అప్పుగా ఇచ్చిన సంగతి తర్వాత బయటపడి పెద్ద రచ్చయింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిళ్ళు విమానాల్లో ఆయుధాలు తెచ్చి ఇక్కడ దించేవాడు. ఒప్పందం చేసుకున్న రెండు ప్రభుత్వాలూ ఒకదాన్నొకటి నమ్మలేదు. ఊళ్ళలో పక్కింటివాళ్ళు ఒకరినొకరు నమ్మడం మానేశారు. ఎవరు ఎవరికి కబురు మోస్తున్నారో తెలీని రోజులు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1947 నవంబర్‌లో, షోయబుల్లా ఖాన్ సొంతంగా ఇమ్రోజ్ అనే ఉర్దూ దినపత్రిక మొదలుపెట్టాడు. బూర్గుల రామకృష్ణారావు లాంటి కాంగ్రెస్ పెద్దలు సాయం చేశారు. ఇమ్రోజ్ అంటే ఈ రోజు. ఆఫీసు కాచిగూడలో. నిజాం ఉండే కింగ్ కోఠీకి అది ఎంతో దూరం కాదు. ఎడిటర్ వయసు 27. మన సూపర్ సీనియర్లకంటే నాలుగైదేళ్ళు పెద్ద, అంతే.

ఇమ్రోజ్‌లో ఏం రాసేవాడు? పెద్ద రహస్య పత్రాలేవీ కాదు. ఎల్స్‌బర్గ్ లాగా బీరువాలోంచి ఫైళ్ళు తీసి ఇచ్చిన మనిషి కాదాయన. జనం అందరికీ తెలిసి కూడా ఎవరూ అచ్చులో పెట్టని సంగతులు అచ్చులో పెట్టాడు. రజాకార్లు ఊళ్ళ మీద పడి దోచుకుంటున్నారు, పోలీసులు చూస్తూ ఊరుకుంటున్నారు అని రాశాడు. 1948 జనవరిలో రాసిన సంపాదకీయంలో ఈ రాజ్యంలో పగలు ఒక ప్రభుత్వం, రాత్రి ఇంకో ప్రభుత్వం నడుస్తున్నాయన్న అర్థం వచ్చేలా రాశాడు. హైదరాబాద్ ఇండియాలో కలవాలనీ, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం రావాలనీ, హిందువులూ ముస్లింలూ కలిసి బతకాల్సిందేననీ రాశాడు.

ఇవే మాటలు ఒక హిందూ కాంగ్రెస్ నాయకుడు రాస్తే రజాకార్లకి పెద్ద ఇబ్బంది లేదు. అవతలివాడు కాబట్టి అలాగే రాస్తాడని తోసేయొచ్చు. ఈయన ముస్లిం. రాసేది ఉర్దూలో. చదివేది ఉర్దూ వచ్చినవాళ్ళు, అంటే సర్కారు ఉద్యోగులు, వకీళ్ళు, టీచర్లు, రజ్వీ ఎవరి తరఫున మాట్లాడుతున్నానని చెప్పుకుంటున్నాడో ఆ మనుషులే. ఇంటి సంగతి ఇంటి భాషలో ఇంటివాళ్ళకి చెబుతున్నాడు. అందుకే ఆయన మీద అంత కసి. హిందువులకి అమ్ముడుపోయాడన్నారు, మతద్రోహి అన్నారు. బెదిరింపు ఉత్తరాలు వచ్చాయి. ఆయన రాసిన ఫలానా వాక్యం తప్పు, ఫలానా ఊళ్ళో దోపిడీ జరగలేదు అని మాత్రం ఎవరూ తేల్చిచెప్పలేదు. డాబా మీద ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి అన్న ఒక్క నిమిషం ఆగాడు. నేను తల దించుకున్నా.

షోయబుల్లా ఒంటరి కూడా కాదు. ఫరీద్ మీర్జా అని ఒక తహసీల్దార్ ఉండేవాడు. నాందేడ్ జిల్లాలో రజాకార్ల ఆగడాలు కళ్ళారా చూసి, సర్కారు కొలువుకి రాజీనామా చేసి వచ్చేశాడు. ఆయనా, బాకర్ అలీ మీర్జా, ముల్లా అబ్దుల్ బాసిత్ లాంటి మరికొందరూ కలిసి మొత్తం ఏడుగురు ముస్లిం ప్రముఖులు 1948 ఆగస్టులో ఒక ప్రకటన ఇచ్చారు. రజాకార్ల సంస్థను రద్దు చేయాలి, హైదరాబాద్ ఇండియన్ యూనియన్‌లో చేరాలి అన్నది దాని సారాంశం. ఇమ్రోజ్ దాన్ని అచ్చేసింది. ఏడు పేర్లు, కింద సంతకాలు. ముస్లింలంతా మా వెనకే ఉన్నారన్న రజ్వీ మాటకి అంతకంటే పెద్ద దెబ్బ ఇంకొకటి లేదు.

ఆగస్టు 19న జమర్రుద్ మహల్ థియేటర్‌లో రజ్వీ సభ పెట్టాడు. మాకు వ్యతిరేకంగా లేచే చేతులు నరికేస్తామన్న అర్థంలో మాట్లాడాడు. అది ఎవరి గురించో ఊళ్ళో అందరికీ తెలుసు.

రెండు రోజులు గడిచాయి. ఆగస్టు 21 రాత్రి, పత్రిక పని ముగించుకుని, అర్ధరాత్రి వేళ షోయబుల్లా బావమరిదితో కలిసి ఇంటికి నడిచి వెళ్తున్నాడు. కాచిగూడ లింగంపల్లి చౌరస్తా దగ్గర వెనక నుంచి తుపాకీ పేలింది. ఆయన పడిపోయాడు. తర్వాత కత్తితో చెయ్యి నరికారు. రాసే చెయ్యి. అడ్డుపడ్డ బావమరిది చెయ్యి కూడా నరికారు. ఆగస్టు 22 తెల్లవారుజామున షోయబుల్లా ఖాన్ చనిపోయాడు. అప్పటికి 28 నిండలేదు. భార్య, చిన్న కూతురు ఉన్నారు. గోషామహల్ దగ్గర మాలకుంట శ్మశానంలో ఖననం చేశారు.

ఇమ్రోజ్ బతికింది తొమ్మిది నెలలు. మన రెండు సెమిస్టర్లంత కూడా కాదు.

ఆయన పోయిన ఐదు రోజులకి, ఆగస్టు 27న, భైరాన్‌పల్లిలో రజాకార్లూ నిజాం పోలీసులూ కలిసి ఊరి జనాన్ని కాల్చి చంపారు. సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. 17 సాయంత్రానికి నిజాం లొంగిపోయాడు. షోయబుల్లా ఇంకో 26 రోజులు బతికుంటే తను రాసింది జరగడం చూసేవాడు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగానే ఉంటుంది. మన మ్యాగజైన్‌లో చాలామంది ఇక్కడే ఆపేవాళ్ళు, నేనూ ఆపేద్దామనే అనుకున్నా. అన్న మాత్రం తర్వాతది కూడా చెప్పకపోతే షోయబుల్లా పేరెత్తే హక్కు మనకి లేదన్నాడు.

పోలీసు చర్య తర్వాత సంస్థానంలోని చాలా జిల్లాల్లో, ముఖ్యంగా మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో, రజాకార్లు చేసిన దానికి ఏ పాపమూ ఎరగని ముస్లింలు బలయ్యారు. నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను పంపితే వాళ్ళు ఊరూరా తిరిగి రిపోర్టు ఇచ్చారు. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్ళ అంచనా. ఆ రిపోర్టుని ప్రభుత్వం బయటపెట్టలేదు. ఏళ్ళ తరబడి దానిలో ముక్కలు అక్కడక్కడా బయటికొచ్చాయి గానీ, మామూలు జనం ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో చూడగలిగే రోజు 2013లో వచ్చింది. అంటే 60 ఏళ్ళ పైమాటే.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టి చెప్పేవాళ్ళు తక్కువ. ప్రతి సెప్టెంబర్ 17కీ మన దగ్గర అది విమోచనమా విలీనమా విద్రోహమా అని లొల్లి. ఒక పక్షం వాళ్ళు షోయబుల్లా చెయ్యి చూపిస్తారు, సుందర్‌లాల్ రిపోర్టు గురించి మాట్లాడరు. ఇంకో పక్షం వాళ్ళు రిపోర్టు చూపిస్తారు, షోయబుల్లా గురించి మాట్లాడరు. ఆ మనిషి బతికుండి ఇమ్రోజ్ నడిచి ఉంటే ఏం చేసేవాడో నేను చెప్పలేను. కానీ తనవాళ్ళనుకున్నవాళ్ళ తప్పుని తన భాషలోనే రాసినవాడు, అవతలివాళ్ళ తప్పు మీద నోరు మూసుకుని ఉంటాడని అనుకోలేను.

ఖాసిం రజ్వీ మీద కేసులు నడిచాయి, అందులో ఈ హత్య కేసు కూడా ఒకటి. చివరికి సుప్రీంకోర్టు దాకా వెళ్ళి నిలబడింది మా పక్క ఊరు బీబీనగర్ దోపిడీ కేసులో పడిన ఏడేళ్ళ శిక్ష. 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. బీబీనగర్ అంటే ఇప్పుడందరికీ ఎయిమ్స్ గుర్తొస్తుంది. మా తాతకి మాత్రం ఆ కేసే గుర్తు.

సెలవులు ఇంకో రెండు రోజుల్లో అయిపోతాయనగా ఆ చౌరస్తా చూద్దామని బయల్దేరా. నా తెలివి చూడండి, లింగంపల్లి అనగానే మియాపూర్ అవతలి లింగంపల్లి అనుకుని మెట్రో అటువైపు ఎక్కబోయా. అన్న నవ్వి, ఇది కాచిగూడ లింగంపల్లిరా నాయనా, పదా నేనూ వస్తా అని వెంట వచ్చాడు. అమీర్‌పేటలో ఎక్కితే వెంటనే పంజాగుట్ట. పంజా అంటే అరచెయ్యి, గుట్ట మీద అరచెయ్యి గుర్తు ఉండేదని ఆ పేరొచ్చిందని పాతవాళ్ళు చెబుతారట. ఎంజీబీఎస్‌లో దిగి గ్రీన్ లైన్ మారి, నారాయణగూడలో దిగి, అక్కడి నుంచి అడుగుతూ నడిచాం.

చౌరస్తా అన్ని చౌరస్తాల్లాగే ఉంది. ఆటోలు, టిఫిన్ సెంటర్, మొబైల్ షాపు. చాయ్ తాగుతూ కొట్టాయన్ని షోయబుల్లా ఖాన్‌ని చంపింది ఇక్కడేనా అని అడిగితే, ఎప్పుడు, నిన్న రాత్రా అని కంగారుపడ్డాడు. 1948లో అని చెబితే ఊపిరి పీల్చుకున్నాడు. మేం ముగ్గురం నవ్వేశాం. నవ్వయ్యాక ఆయనే, ఎందుకు చంపారు అని అడిగాడు. పేపర్లో నిజం రాసినందుకు అని అన్న చెప్పాడు. కొట్టాయన ఇంకేం అడగలేదు. ఎవరి మనిషి, ఏ పార్టీ అని అడగలేదు. ఆ సాయంత్రం నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

తిరుగు ప్రయాణంలో అన్న సత్యేంద్ర దూబే గురించి చెప్పాడు. ఐఐటీ కాన్పూర్‌లో సివిల్ ఇంజినీరింగ్ చదివి, నేషనల్ హైవేల ప్రాజెక్టులో పనిచేశాడు. రోడ్డు పనుల్లో జరుగుతున్న అవినీతి గురించి ప్రధానమంత్రి కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు బయటికి రానివ్వద్దని కోరాడు. ఆ ఉత్తరం పేరుతో సహా ఆఫీసులన్నీ తిరిగింది. 2003 నవంబర్ 27న గయలో ఆయన్ని కాల్చి చంపారు. ఇలాంటివాళ్ళని కాపాడే చట్టం 2014లో పాసైంది గానీ, అమల్లోకి తేవడం ఏళ్ళ తరబడి పెండింగే. మన సిలబస్‌లో ప్రొఫెషనల్ ఎథిక్స్ అని ఒక సబ్జెక్టు ఉంది. పరీక్ష ముందు రోజు రాత్రి చదివి రాసేస్తాం. విజిల్ బ్లోయర్ నిర్వచనం రెండు మార్కులు.

ఆ రాత్రి హాస్టల్‌కి వచ్చి లాప్‌టాప్ తెరిచా. ఆ రెజ్యూమె తీసి డిలీట్ చేశా. అది సులువే, ఎవరికీ కనపడదు కాబట్టి. తర్వాత బ్యాచ్ గ్రూపు తెరిచి, అన్న రాసింది నిజం, నా దగ్గరా అలాంటి రెజ్యూమె ఉండేది, డబ్బులు కట్టింది నేనే అని రాశా. పంపడానికి ఇరవై నిమిషాలు పట్టింది. చెయ్యి నరికేవాళ్ళెవరూ లేరు, మహా అయితే గ్రూపులోంచి తీసేస్తారు, అయినా ఇరవై నిమిషాలు.

తీసేశారు. అంతకుముందు ఇద్దరు మాత్రం విడిగా మెసేజ్ పెట్టారు. మాక్కూడా అలాగే ఇచ్చారు, ఇప్పుడేం చేయాలి అని. ఇంకొకడు మాత్రం నీకెంతిచ్చారని అడిగాడు.

అమెరికా గొడవ మా రూమ్‌లో ఇంకా నడుస్తూనే ఉందట. అన్నకి ఇంకా ఉద్యోగం రాలేదు, మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ లేకుండానే అప్లై చేస్తున్నాడు. నాకైతే ఇప్పుడు ఒక అలవాటైంది. ఎవరైనా ఏదైనా బయటపెట్టినప్పుడు, వీడెవరి మనిషి అన్న ప్రశ్న నోటిదాకా వస్తుంది. దాన్ని మింగి, ఇది నిజమేనా అని ముందు అడుగుతున్నా. ప్రతిసారీ కాదు. అప్పుడప్పుడు మర్చిపోతున్నా కూడా.